అక్కకు అంకితమిచ్చిన భాగం

లాడ్జి దుప్పట్లు మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని వెనక్కి నడిచి, ఒక్క దులుపు దులిపి, ఎదురెదురుగా వచ్చి కొసలు కలపాలి. లాండ్రీలో మా అక్కా నేనూ జత. కొసలు కలిసినప్పుడల్లా, అరలో ఆనించిన ఫోనులోంచి ఒక వాక్యం చదివేదాన్ని. మళ్ళీ వెనక్కి నడిచేవాళ్ళం.

వారానికో భాగం వచ్చే ప్రేమకథ అది. నా చదువు ఎనిమిదిలో ఆగింది. ఆ మాత్రమైనా నేను చదవాలని అక్క బడి మొహమే చూడలేదు. అందుకని చదవడం నా వంతు, వినడం తనది.

"తలుపు తీసిందా లేదా?"

"కొస సరిగ్గా పట్టుకో, చెబుతాను."

"నీ బెట్టు తగలెయ్య, చెప్పవే."

కథలో అమ్మాయి మొగుడు కొట్టాడని పుట్టింటికి వచ్చేసింది. మాకు పుట్టిల్లు లేదు కనుక అక్క మా ఇంటికి వచ్చింది. గొంతు మీద వేళ్ళ గుర్తులు మాసేదాకా మెడకు తువ్వాలు చుట్టుకునే పనిచేసింది. చెంప మీదయితే నేను ఇంత భయపడేదాన్ని కాదేమో. గొంతు. పిల్లకు పాలిస్తూ కూడా ఆ వేళ్ళే గుర్తొచ్చేవి నాకు.

"ఉన్నది ఒక్క గది. మీ అక్కను నా నెత్తిన పడుకోబెట్టు," అని అత్తయ్య సణిగింది. సణుగుతూనే తన చాప పక్కకు జరిపింది.

ఇంతలో కథలో మొగుడు మారిపోవడం మొదలుపెట్టాడు. గేటు బయట వానలో నిలబడ్డాడు. మా బావ కూడా తల నున్నగా దువ్వుకుని లాండ్రీ గేటు దగ్గర నిలబడసాగాడు. ఇంకెప్పుడూ చెయ్యెత్తనన్నాడు.

"మారాడంటావా?" అంది అక్క.

"ఎవరు, కథలోవాడా, బావా?"

"ఎవరైతేనేం. రాసే ఆవిడకు లోకం తెలీదా? తెలిసే రాస్తుంది కదా."

ఆవిడ ఆ అమ్మాయిని వెనక్కి పంపకపోతే అక్క కూడా వెళ్ళదని నాకు గట్టిగా అనిపించింది. పిల్లను ఒళ్ళో వేసుకుని, ఒంటి చేత్తో కథ కింద కామెంటు రాశాను. "మేడమ్, ఆమెను పంపకండి. మా అక్క మొగుడు గొంతు పట్టుకున్నాడు. మీ కథ విని మళ్ళీ వెళ్తానంటోంది. మీకు దండం పెడతాను."

ఇస్త్రీ బల్ల దగ్గరి పిన్నికీ ఈ కథ పిచ్చే. నా కామెంటు చూసి, మర్నాడు పొద్దున్నే అక్కతో అనేసింది. "నీ కాపురం గురించి లోకమంతా రాస్తోందే."

"ఏం రాశారే? చదువు," అంది అక్క నాతో.

పిన్ని తన ఫోను తెరిచి నా పక్కనే నిలబడింది. ఒక్క ముక్క దాటేయడానికి లేదు. కోపంలో చెయ్యి జారుతుంది సిస్టర్. ఒక్క అవకాశం ఇమ్మనండి. కాపురం విడగొట్టకండి. అన్నింటి పక్కనా ఎర్ర గుండె బొమ్మలు. ఒకావిడ మాత్రం, "వెళ్ళనివ్వకండి, మా చెల్లెలు వెళ్ళింది," అని రాసింది. అది రెండుసార్లు చదివాను. అక్క వినిపించుకోలేదు. రచయిత్రి ఏమందని అడిగింది.

"ప్రేమ మీద నమ్మకం ఉంచండి. వచ్చే భాగం మీ అక్కగారికి అంకితం."

"అంకితం అంటే?"

"నీ కోసం రాస్తుందట," అంది పిన్ని.

అక్క చేతిలో కొస జారి దుప్పటి నేల మీద పడింది. మళ్ళీ ఉతుక్కి వేయాలి. తనకేం పట్టలేదు. "నా కోసమా?" అంది. పుట్టి బుద్ధెరిగాక తన కోసమని ఎవరైనా ఏదైనా చేయడం నేను చూడలేదు. నేనూ చేయలేదు.

ఆ భాగం వచ్చింది. పైన ఒక వాక్యం, 'ఒక పాఠకురాలి అక్కగారికి ప్రేమతో' అని. అక్క దాన్నే మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. కింద, అమ్మాయి మొగుడితో వెళ్ళిపోయింది.

"వద్దక్కా. అది రాసుకున్నది. నీది బతుకు."

"అంతమంది తప్పు, నువ్వొక్కదానివి ఒప్పా?" అని నా బుగ్గ గిల్లింది. సాయంత్రం గేటు దగ్గర బావ అక్క సంచీ అందుకున్నాడు.

తర్వాత నేను ఫోను చేసినప్పుడల్లా బావే ఎత్తాడు. స్నానం చేస్తోందమ్మా. కొట్టుకెళ్ళిందమ్మా. చాలా మర్యాదగా. నా కామెంటు కిందేమో జనం అడుగుతూనే ఉన్నారు. 'అక్కగారు ఎలా ఉన్నారు? మంచి కబురు చెప్పండి, ఎదురుచూస్తున్నాం.' లాండ్రీలో నాకు వేరే మనిషిని జత వేశారు.

ఇవాళ పనికి బయలుదేరబోతూ మళ్ళీ చేశాను.

"నిద్రపోతోందమ్మా. లేపమంటావా?"

"లేపు బావా."

ఫోను పెట్టేశాడు.

పనికి కాదు, అక్క ఇంటికని పిల్లను చంకనేసుకున్నాను. ఉయ్యాల గుడ్డలు మడుస్తున్న అత్తయ్య తలెత్తింది.

"ఏమన్నాడు?"

"నిద్రపోతోందట."

"ఇంత పొద్దెక్కాకనా?" అంది. గుడ్డలు అక్కడే వదిలేసి, మంచం కింద తన చెప్పుల కోసం వంగింది.