ఇరవై నాలుగు కోషర్ భోజనాలు

ఉక్కునగరంలో జ్ఞానశేఖర్ పెట్టిన అన్నం తినని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ ఆయన భార్య విమలమ్మ.

స్టీలు ప్లాంటు క్యాంటీన్లో ముప్పై రెండేళ్ళు సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడాయన. ఏ షిఫ్టు వాళ్ళకీ పప్పు చల్లారనివ్వలేదు. లైన్లో ఆఖరి మనిషి చెయ్యి కడుక్కునేదాకా తను కంచం ముందు కూర్చోలేదు. అంతటి ఘనుడి ఇంట్లో వంటలు మాత్రం రెండు. ఆయనది ఆయనకి, ఆవిడది ఆవిడకి. ఏడేళ్ళుగా ఇదే వరస.

కారణం లేకపోలేదు. విమలమ్మకి వేరుశెనగ పడదు. ఏడేళ్ళ కిందట చర్చిలో కోతపండుగ నాడు ఐదువందల మందికి ఆయనే దగ్గరుండి వండించాడు. గుత్తివంకాయ కూర కంచంలో పడగానే, "ఇందులో వేరుశెనగ లేదు కదండీ?" అని అడిగిందావిడ. "లేదు, తిను" అన్నాడు. చూసి అన్న మాట కాదు, చేతిలో గరిటె ఉన్న మనిషి హడావిడిలో అన్న మాట. పులుసు పల్చబడిందని వంటవాడు దోసెడు పల్లీపొడి కలిపాడని ఆయనకి తెలీదు. అడగలేదు కాబట్టి తెలీదు. రెండు ముద్దలకే ఆవిడ పెదాలు వాచిపోయాయి, గొంతు మూసుకుపోయింది. ఆసుపత్రిలో మూడు రోజులుండి ఇంటికొచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. తన గిన్నెలు తను వేరు చేసుకుంది, అంతే. అంతకంటే నాలుగు తిట్టినా బావుండేదని జ్ఞానశేఖర్‌కి ఇప్పటికీ బాధే.

అందుకే, చర్చి తరఫున ఇరవై నాలుగు మంది యెరూషలేం యాత్రకి బయల్దేరుతున్నారనీ, తిండి సంగతులన్నీ జ్ఞానశేఖర్ చూసుకోవాలనీ పాస్టరు యోహాన్ గారు ప్రకటించినప్పుడు ఆయన లోలోపల పండగ చేసుకున్నాడు. విమలమ్మ ఇంట్లో కట్టుకున్న డబ్బా మహా అయితే ఢిల్లీ దాకా వస్తుంది. అక్కణ్ణించి ఎనిమిది గంటల విమానం. గాల్లో పొయ్యి పెట్టుకోనివ్వరు. ఆవిడ తినాలంటే ఆయన రాయించిన భోజనమే తినాలి. ఒక్క పూట తన చేతి మీదుగా తింటే చాలు, ఆయన ప్రయాణం ఫలించినట్టే. సీయోను కొండ తర్వాతి మాట.

విమాన కంపెనీ వాళ్ళ ఆన్‌లైన్ ఫారంలో ప్రత్యేక భోజనాల చిట్టా చాంతాడంత ఉంది. మొట్టమొదట విమలమ్మ పేరు ఎదురుగా 'నట్స్ లేని భోజనం' అని నొక్కాడు. మనసు కుదుటపడింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. చిట్టా చదువుతూ ఇంకాస్త కిందికి దిగాడు. అక్కడ 'కోషర్' కనిపించింది.

ఆదివారం ఆరాధన అయ్యాక యాత్రికుల మీటింగులో ఆ మాట బయటపెట్టాడు.

"కోషరంటే ఏటి బావా?" అన్నాడు రిచర్డ్. విమలమ్మ తమ్ముడు, పోర్టులో క్రేను ఆపరేటరు.

"యూదుల భోజనం రా. లేవీయకాండంలో రాసినట్టు సుద్ధిగా వండి, సీలేసి పంపుతారు. మన ప్రభువు తిన్నదీ ఆ పద్ధతి బోజనమే."

అంతే, "నాకొకటి రాసీండన్నా", "మాకు రెండు" అంటూ చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. నెలరోజుల ముందు కిటికీ సీటు కోసం కొట్టుకున్న జనమే ఇప్పుడు ఏకమనస్కులై కోషర్ అన్నారు.

"మరి రొయ్యలుంటాయా?" రిచర్డ్‌కి అనుమానం తీరలేదు.

"రొయ్యలు, పీతలు నిషిద్ధం."

"అయితే ప్రభువు రొయ్యలు తిన్లేదేటి?"

అందరూ పాస్టరు గారి వైపు చూశారు. కిందటి ఆదివారం రిచర్డ్ ఇంట్లో రొయ్యల ఇగురు రెండుసార్లు మారు అడిగి వేయించుకున్న యోహాన్ గారు గోడ గడియారం చూసి, "ప్రార్థనతో ముగిద్దాం" అన్నారు.

ఆ సాయంత్రం జ్ఞానశేఖర్ అందరి పేర్లకీ కోషర్ నొక్కుతూ వచ్చి విమలమ్మ దగ్గర ఆగాడు. ఒక మనిషికి ఒకటే రకం, రెండు నొక్కనివ్వదు ఆ ఫారం. నట్స్ లేనిది ఉంచాలా, కోషర్ పెట్టాలా? ఏడేళ్ళుగా ఏ విందులోనైనా తన డబ్బా తను విప్పుకుని ఓ మూల కూర్చునే విమలమ్మ కళ్ళ ముందు మెదిలింది. విమానంలో కూడా అందరూ ఒకటి తింటుంటే ఆవిడొక్కతీ ఇంకోటి తినాలా? అయినా సీలేసిన భోజనంలోకి, అంత నిష్ఠగా వండిన దాంట్లోకి, వేరుశెనగ ఎలా వస్తుంది? ఉన్నది తీసేసి కోషర్ నొక్కాడు. ఆవిడతో చెప్పలేదు. ఈసారి కూడా ఎవరినీ అడగలేదు.

విమానం ఢిల్లీలో లేచిన గంటన్నరకి భోజనాలొచ్చాయి. మన వాళ్ళవి ఇరవై నాలుగు పెట్టెలూ ముందే పంచేశారు. ప్రతి పెట్టెకీ సీలు. పాస్టరు గారు లేచి నిలబడి భోజన ప్రార్థన మొదలుపెట్టారు. ఎయిర్‌హోస్టెస్ బండి ముందుకూ వెనక్కూ పోలేక ఆయన పక్కనే తలొంచుకు నిలబడింది. ఆమెన్ వినబడ్డమే తరువాయి, ఇరవై మూడు సీళ్ళు పర్రున చిరిగాయి.

లోపల ఉడికించిన బంగాళాదుంప, బఠాణీలు, ఏదో చేపముక్క. ఉప్పూకారం లేని చప్పిడి తిండి. ప్రభువు ఇది తిని అన్ని మైళ్ళు ఎలా నడిచారో మన వాళ్ళకి అర్థం కాలేదు. అప్పుడు రిచర్డ్ బ్యాగులోంచి సీసా తీశాడు. యారాడ నుంచి ప్రత్యేకంగా తెప్పించిన ఎండురొయ్యల పొడి. సీసా వరస వెంట వరస తిరిగింది. లేవీయకాండం మీద తలా రెండు చెంచాలు పడ్డాయి. పాస్టరు గారు మూడు వేసుకున్నారు.

విప్పని పెట్టె ఒకటే మిగిలింది. అది జ్ఞానశేఖర్ ఒళ్ళో ఉంది. కళ్ళజోడు సవరించుకుని దాని మీద అచ్చేసిన సన్నక్షరాలు చదువుతున్నాడు.

"ఏటండి అంతసేపు సదువుతన్నారు? పరీచ్చేటి?" అంది విమలమ్మ. ఢిల్లీ విమానాశ్రయంలో ఏడు గంటలు కూర్చుని ఉంది, డబ్బా ఎప్పుడో ఖాళీ అయింది.

"ఒక్క నిమిషం ఆగు."

"ఆకలికి కళ్ళు తిరుగుతన్నాయి. మీరు రాయించిందే కదా, నాకేటి బయం లేదు. ఇలాగిచ్చీండి, తినీసి పడుకుంటాను."

జ్ఞానశేఖర్ చెయ్యి ఆగిపోయింది. ఏడేళ్ళుగా ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన వేలు ఆఖరి వాక్యం మీద ఉంది: ఇది వండిన చోట వేరుశెనగ కూడా వాడతారు, ఆనవాళ్ళు ఉండవచ్చు.

ఉండవచ్చు. ఉందని కాదు. ఉండకపోనూ వచ్చు. 'లేదు, తిను' అనడానికి రెండు మాటలు చాలు, ఆవిడ చెయ్యి చాపే ఉంది.

"వద్దు విమలా. తినకు" అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే పైకి లేచి, ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగారు. "తప్పు నాదే. నీకు ముందు నట్స్ లేనిదే రాసినాను. అందరితో పాటు తింటావని అది తీసీసి ఇది రాసినాను. నీకు సెప్పలేదు. ఇందులో ఉండొచ్చని రాసుంది."

విమలమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇదంతా ఆవిడ పక్క సీట్లోని ముసలావిడ చూస్తూనే ఉంది. నేత చీర, నెరిసిన జుట్టు, నుదుట బొట్టు లేదు. ఎక్కినప్పటి నుంచీ మన వాళ్ళు ఆవిణ్ణి ఏదో చర్చి మనిషే అనుకుని వందనాలు చెబుతున్నారు, ఆవిడా నవ్వుతూ తలూపుతోంది. ఆవిడ బల్ల మీద మాత్రం మంచినీళ్ళ గ్లాసు తప్ప ఏమీ లేదు. ఎయిర్‌హోస్టెస్ రెండోసారి వచ్చి చేతులు జోడించింది. కోషర్ పెట్టెలు ఇరవై అయిదు రావాలి, ఇరవై నాలుగే ఎక్కాయి, అన్నీ గుంపు వాళ్ళకే వెళ్ళిపోయాయి, క్షమించాలి అని హిందీలో చెప్పింది.

షిఫ్టుల్లో బీహారు వాళ్ళకి వడ్డించి వడ్డించి జ్ఞానశేఖర్‌కి హిందీ బాగానే వచ్చు. "అమ్మా, మీదీ కోషరేనా?" అని అడిగాడు.

అవునంది ముసలావిడ. మాది ఠాణే, మేం యూదులం, తాతముత్తాతల నాటి నుంచీ అక్కడే, కూతురి దగ్గరికి వెళ్తున్నాను, ఇంకోటి తినను, ఒక్క పూటకి ఫర్వాలేదులే నాయనా అంది.

"సీర కట్టుకున్నారు కదండీ!" అన్నాడు రిచర్డ్ నోరు తెరిచి.

మాట ముందుకీ వెనక్కీ పాకింది. ఇరవై రెండు నోళ్ళు నమలడం ఆపాయి. ప్రభువు పంక్తిలో కూర్చున్నామని మురిసిపోయిన జనం ఆ పంక్తి మనిషి విస్తరే లాగేసుకున్నారు. "మాదిచ్చీస్తాం" అని ఒకరిద్దరు పెట్టెలెత్తారు గానీ, వాటి మీద యారాడ రొయ్య ఎర్రగా కనబడుతోంది. పాస్టరు గారు తన చేతివేళ్ళు మెల్లిగా కర్చీఫులో దాచుకున్నారు.

విప్పనిది ఒకటే ఉంది. జ్ఞానశేఖర్ విమలమ్మ వైపు చూశాడు. ఈసారి అడిగాడు. "ఇచ్చీమంటావా?"

"అడగాలేటండి? ఇచ్చీండి" అందావిడ.

ముసలావిడ సీలు తిప్పి చూసుకుని, ఏదో నాలుగు మాటలు పెదాలతో పలికి, విప్పింది. రెండు ముద్దలు తిన్నాక ముక్కు ఎగబీల్చి, ఈ వాసన ఎండురొయ్యలది కదూ, మా వీధి చివర చేపల వాళ్ళ ఇళ్ళే అంటూ కిసుక్కున నవ్వింది. రిచర్డ్ సీసాని బ్యాగులో అట్టడుక్కి తోశాడు.

జ్ఞానశేఖర్ మాత్రం సీట్లో లేడు. విమానంలో వెనక వైపు, భోజనాలు వేడిచేసే మూలకి వెళ్ళి నిలబడ్డాడు. నట్స్ లేవని మేం దేనికీ హామీ ఇవ్వలేం అంది ఎయిర్‌హోస్టెస్. "హామీ వద్దమ్మా, మీ దగ్గరున్నవి చూపించు, చదువుకుంటాను" అన్నాడు. ఆవిడ ఒక్కొక్కటే తీసి చూపించింది. బిస్కెట్లు చదివాడు, పక్కన పెట్టాడు. కేకు చదివాడు, రెండడుగులు వెనక్కి జరిగాడు. అన్నం మీద చీటీ లేదు, వద్దన్నాడు. అరగంట పట్టింది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, విమలమ్మ బల్ల తుడిచి, తెచ్చినవి ముందు పెట్టాడు. మొత్తం మూడే రకాలు.

"అరటిపళ్ళు రెండు. తొక్క నాను తియ్యలేదు. పెరుగు కప్పు మీద పాలు తప్ప ఏటీ రాసి లేదు. ఈ బ్రెడ్డు పొట్లం మూడుసార్లు సదివినాను, వేరుశెనగ మాట ఎక్కడా లేదు. ఇంతకుమించి నాకు తెలీదు విమలా. నువ్వూ ఓసారి సదువుకో. తింటావో మానేస్తావో నీ ఇష్టం."

విమలమ్మ పొట్లం చేతిలోకి తీసుకుంది. కళ్ళజోడు కోసం మెళ్ళో గొలుసు తడుముకుంది. మళ్ళీ ఏమనుకుందో, కళ్ళజోడు వదిలేసి పొట్లం ఆయన చేతికే ఇచ్చింది.

"మీరే ఇప్పండి" అంది.

ఆయన విప్పాడు. ఆవిడ బ్రెడ్డు తుంచి, పెరుగులో ముంచి నోట్లో పెట్టుకుంది. జ్ఞానశేఖర్ ఆవిడ పెదాల వైపే చూస్తూ నడవాలో నిలబడ్డాడు. వెనక బాత్రూముకి వెళ్ళి వస్తున్న నలుగురు ఆయన వెనకాల ఆగిపోయారు. ఆవిడ నెమ్మదిగా నమిలింది, మింగింది. ఇంకో ముక్క తుంచింది. అదీ మింగింది. ఆయన కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

మూడో ముక్క దగ్గర ఆవిడ ఆగింది.

"ఏటైంది విమలా?"

"ఏటీ అవలేదు. పెరుగులో ఉప్పు లేదు" అంది విమలమ్మ. "ముప్పయ్యేళ్ళు క్యాంటీను నడిపిన మనిషి, ఆ మాత్రం సూసుకోవద్దా?"

ఏడేళ్ళలో ఆయన పెట్టిన తిండికి ఆవిడ వంక పెట్టడం ఇదే మొదలు. జ్ఞానశేఖర్ నడవాలోని నలుగురినీ తోసుకుంటూ వెనక్కి పరిగెత్తాడు. ఉప్పు పొట్లం తెచ్చి, దాని మీద రాసింది కూడా అటూ ఇటూ తిప్పి చదివి, అప్పుడు చింపాడు.