పిట్ట ముట్టని ముద్ద

...ఈ ఈగలు మోరీలోంచే వస్తూ ఉండాలి. ఇంటి వెనక మోరీ మీద బండ పగిలి ఎన్నాళ్లయిందో! లేదంటే బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి తెచ్చిన మామిడిపండ్ల తొక్కలకు కావచ్చు. రాఘవేందర్ తనకు తానే నచ్చజెప్పుకుంటున్నాడు. నచ్చజెప్పుకుంటూనే, నిద్రపోతున్న కూతురి పెదవి మీద వాలిన ఈగను తువ్వాలుతో తోలాడు. అది లేచి, గుండ్రంగా తిరిగి, మళ్లీ అక్కడే వాలింది.

రెండేళ్ల వసుధ విరేచనాలతో వడలిపోయింది. నిన్ననే సెలైన్ పెట్టించి ఇంటికి తెచ్చారు. "ఇంట్లో ఈగలున్నాయా?" అని డాక్టర్ అడిగితే రాఘవేందర్ భార్య హిమజ తలూపింది. అతను గోడవైపు చూశాడు.

"ఫినాయిల్ ఏసి తుడుస్తున్న. కిటికీలకు జాలీ కొట్టిస్తిమి. చెత్తబుట్టకు సుత మూత పెడుతున్న," అంది హిమజ, పాలగిన్నె మీద పళ్లెం బోర్లిస్తూ. "ఇంకెక్కడికెళ్లి వస్తున్నయో ఏమో!"

వాకిట్లో నిలబడ్డ పక్కింటి కల్పలత నవ్వింది. "చిలకలగూడ ఈగలన్నిటికీ మీ ఇంట్లనే దావత్ ఉన్నట్టుంది వదినా!"

దావత్ ఎక్కడో రాఘవేందర్‌కు తెలుసు.

డాబా మీద, నీళ్లట్యాంకు వెనక, విస్తరిలో.

అమ్మ పోయిన పదకొండో నాడు పిట్టకు అన్నం ముద్ద పెట్టారు. ఒక్క కాకీ ముట్టలేదు. ఆమె మనసులో ఏదో మిగిలిపోయిందన్నారు పెద్దలు. ఎండలో చేతులు జోడించి తలా ఒక మాట ఇచ్చారు. అతను చెల్లెలిని చూసుకుంటానన్నాడు, ఇల్లు అమ్మనన్నాడు. కాకి కరెంటు తీగ మీదే కూర్చుంది. చివరికి ఆ ముద్ద ఆవుకు పెట్టి అందరూ ఇంటికి వచ్చేశారు. అతను మాత్రం ఇంకా రాలేకపోయాడు. ఎవరికీ చెప్పకుండా, ఆఫీసుకు పోయేముందు రోజూ ఇంత అన్నం పైన పెడుతూనే ఉన్నాడు. పాతది తీసేయడానికి చేయి రాలేదు. తీస్తే, అమ్మ ముందునుంచి కంచం లాగేసినట్టు.

ఆఖరి రోజుల్లో అమ్మ చేయి ఎత్తలేకపోయేది. ముఖం మీది ఈగను కళ్లతోనే చూపించేది. ఇదే తువ్వాలుతో తోలేవాడు. "ఇంట్ల పసిపిల్ల ఉన్నది. అన్నిటికీ మూతలు పెట్టిన్రా బిడ్డా?" అని అడిగేది, అడిగిందే అడిగేది. చాదస్తమనుకున్నాడు.

ఈగ ఇప్పుడు పిల్ల కంటికొసన వాలింది. పిల్ల నిద్రలోనే ముఖం తిప్పబోయి, ఓపిక లేక ఊరుకుంది.

అతను లేచాడు. వంటింట్లోంచి ప్లాస్టిక్ కవరు తీసుకున్నాడు.

"ఎటు? ఎండ మండిపోతుంది," అంది హిమజ.

"మీదికి. జెర పనుంది."

ట్యాంకు వెనక నల్లటి దుప్పటి ఒక్కసారిగా లేచినట్టు ఈగలు లేచాయి. కింద మెతుకులు కదులుతున్నాయి. మెతుకులు కావు.

తీగ మీద కాకి ఉందేమోనని తలెత్తబోయి, ఎత్తలేదు. మోకాళ్ల మీద కూర్చుని విస్తరిని మడిచాడు. కవర్లో పెట్టి, గట్టిగా ముడి వేశాడు.