నిదానం డ్రైవరు

ఎడమ కంటి అద్దం అంచు ఇంకొక వెంట్రుక మందం అరగాలి. ఆమె దాన్ని రెండు చేతుల వేళ్ళతో పట్టుకుని, తిరుగుతున్న రాయి మీద ఆనించి, కొద్దికొద్దిగా తిప్పుతోంది. రాయి మీద సన్నటి ధారగా నీళ్ళు పడుతున్నాయి. ఆ నీళ్ళకీ, అరిగిన అద్దం పొడికీ ఆమె వేళ్ళ కొసలు ఎప్పుడూ నానినట్టు తెల్లగా ఉంటాయి. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఇదే. గుండ్రటి అద్దాన్ని ఫ్రేము కోరిన ఆకారానికి అరగదీయడం, బిగించడం, తుడిచి ట్రేలో పెట్టడం. ముందు గదిలో జనం ఆ జోడు పెట్టుకుని అద్దంలో చూసుకుని మురిసిపోతారు. వెనక గదిలో మనిషి ఉంటుందన్న సంగతి వాళ్ళలో సగం మందికి తెలియదు. ఆమెకి ఆ లోటు ఎన్నడూ తోచలేదు.

యజమాని తెర పక్కకి జరిపి తల లోపలికి పెట్టాడు.

"మీ నాన్నగారొచ్చారు. కూర్చోమంటే కూర్చోవడం లేదు."

గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. తండ్రికి ఆమె చెప్పింది పదకొండు గంటలకి. ఆమె రాయి ఆపి, చేతులు తుడుచుకుని, గోడకి ఆనించి ఉన్న ఆసుపత్రి ఫైలు తీసుకుంది.

ఆయన దుకాణం బయట, చేతులు వెనక్కి కట్టుకుని, వచ్చే పోయే బస్సుల్ని చూస్తున్నాడు. డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇస్త్రీ చొక్కా, కాళ్ళకి బూట్లు. పెళ్ళికి వెళ్తున్నవాడిలా ఉన్నాడు.

"ఆ నీలం బండివాడు చూడు, క్లచ్చి మీద కాలు తియ్యడు," అన్నాడు పలకరింపుగా.

"పదకొండు అన్నాను కదా నాన్నా."

"తొందరేం లేదు. నువ్వు పని చూసుకో. నేనిక్కడ ఉంటా."

ఉంటాడు, ఆమెకి తెలుసు. గంటైనా, రెండు గంటలైనా. ముప్పై మూడేళ్ళు పన్నెండో నంబరు బస్సు నడిపాడాయన. ఆ దారిలో ప్రయాణికులు ఆయనకి పెట్టిన పేరు 'నిదానం'. స్టాపులో ముసలామె కనిపిస్తే ఆవిడ రోడ్డు దాటేదాకా బండి కదిలేది కాదు. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు దూరం నుంచి స్టీరింగు దగ్గర ఆయన్ని గుర్తుపట్టి "అయిపోయింది, ఇవాళ నిదానం బండి," అని నెత్తి కొట్టుకునేవారు. కానీ అన్నేళ్ళలో ఆయన బండి కింద ఒక కోడి కూడా పడలేదు. ఇంట్లోనూ అంతే. అమ్మ బతికున్నప్పుడు, ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పేలోపు తను గిన్నెలు తోముకుని రావచ్చు అనేది.

ఈ జబ్బు సంగతి కూడా ఆయన చెప్పలేదు. ఆమే పట్టుకుంది. రెండు వీధుల అవతల ఉన్న ఆమె ఇంటికి ఆదివారం వచ్చేవాడు, రావడం మానేశాడు. మోకాళ్ళన్నాడు. ఒకరోజు తనే వెళ్ళి చూస్తే పెదాలు పగిలిపోయి ఉన్నాయి. మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాల్సి వస్తుందేమోనని పొద్దుటి నుంచి మంచినీళ్ళు ముట్టలేదట. అక్కడి నుంచి రక్తపరీక్ష, ఆ మీద స్కానింగు, ఆ మీద ముక్క పరీక్ష.

ముక్క పరీక్షకి ఆమె భర్తని తోడు పంపింది. మగవాళ్ళ వ్యవహారం, మగవాళ్ళే మాట్లాడుకుంటారనుకుంది. సాయంత్రం ఇద్దరూ తిరిగొచ్చారు.

"డాక్టరు ఏమన్నాడు?"

"బాగానే మాట్లాడాడు," అన్నాడు భర్త.

"ఏం మాట్లాడాడు?"

ఆయన మామగారి వైపు చూశాడు. మామగారు ఆయన వైపు చూశాడు. గంటసేపు డాక్టరు ఎదురుగా కూర్చుని ఇద్దరూ కలిసి ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ రోజు నుంచి ఫైలు ఆమె చేతికొచ్చింది.

పోయిన వారం ఆపరేషను చేసే డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన హుషారైన మనిషి. కాగితం మీద బొమ్మ గీసి, ప్రోస్టేట్ గ్రంథి ఇదీ, కాన్సరు ఇందులోనే ఉంది, బయటికి పాకలేదు, తీసేస్తే సరి అన్నాడు. తర్వాత కొన్నాళ్ళు మూత్రం తెలియకుండా పడొచ్చు, ప్యాడ్లు వాడాలి. కొందరికి అది పూర్తిగా ఆగదు కూడా. రెండేళ్ళ కింద గుండెకి స్టెంటు వేశారు కాబట్టి మత్తు ఇవ్వడంలో కొంచెం జాగ్రత్త. ఇంకొకటి, అని ఆయన ఆమె వైపు ఓరగా చూసి, భార్యాభర్తల మధ్య సంగతి ఎత్తాడు. ఆమె గోడ మీద కాలెండరుని పరీక్షగా చదివింది. ఆ నెలలో ఐదు ఆదివారాలున్నాయని ఆమెకి ఇప్పటికీ గుర్తే. తండ్రి మాత్రం బల్ల మీది గాజు గుండుని చూస్తూ "మా ఆవిడ పోయి ఆరేళ్ళయిందండీ," అన్నాడు. డాక్టరు "అయ్యో" అని ఊరుకున్నాడు.

ఇవాళ కరెంటు పెట్టే డాక్టరు దగ్గరికి. ఇద్దరి మాటా విన్నాక ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

బస్సెక్కారు. పన్నెండో నంబరే. డ్రైవరు ఎవరో కొత్తవాడు, గుర్తుపట్టలేదు. తండ్రి కిటికీ పక్కన కూర్చుని కుడికాలు నేలకి నొక్కిపెట్టాడు. బండి మలుపు తిరిగినప్పుడల్లా ఆ కాలు తనంతట తనే బ్రేకు వేస్తోంది. నాలుగో స్టాపు దాటాక ఆయన ముఖం మారింది. తర్వాతి స్టాపులో ఫైలు పట్టుకుని ముందు తనే దిగింది.

ఆ దారిలో మూత్రశాలలు ఎక్కడెక్కడున్నాయో ఆయనకి తెలిసినట్టు ఊరు కట్టినవాళ్ళకి కూడా తెలియదు. పెట్రోలు బంకు వెనక్కి వెళ్ళి, ఐదు నిమిషాల తర్వాత చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఈ బంకువాడు మంచివాడు," అన్నాడు. "సబ్బు పెడతాడు."

"నీకెలా తెలుసు?"

"డ్యూటీలో ఉన్నప్పుడు ఎప్పుడో ఒకసారి ఆగేవాణ్ణి. రెండు గంటల నలభై నిమిషాల ట్రిప్పు. నిండా జనం. దిగుతానంటే ఊరుకుంటారా? అలవాటైపోయింది ఆపుకోవడం. ఇప్పుడు చూడు, రెండు స్టాపులు ఆగలేకపోతున్నా." బస్సు వచ్చే వైపు చూస్తూ అన్నాడు, "నీకు పని చెడిపోతోంది తల్లీ."

"చెడిపోతే మళ్ళీ చేసుకుంటాలే. పద."

డాక్టరు ఆడమనిషి, ఆమె కన్నా చిన్నది. తండ్రి కుర్చీ అంచున కూర్చుని బూట్ల వైపు చూసుకున్నాడు. ఆమె సంచిలోంచి కాగితపు కవరు తీసింది. అద్దాలు వచ్చే కవరు అది. వెనక ఖాళీ వైపు ప్రశ్నలు రాసుకుంది. ఒక్కొక్కటే చదివింది. డాక్టరు తొందరపడకుండా చెప్పింది. కరెంటు పెట్టడమంటే షాకు కాదు, ఎక్స్‌రే లాంటిదే, నొప్పి తెలియదు. వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు. దాంతోపాటు ఆరు నెలలు ఇంజక్షన్లు. వాటికి ఒళ్ళు ఉన్నట్టుండి వేడెక్కుతుంది. మూత్రం మంట, తొందర కొన్ని వారాలు పెరుగుతాయి, మాత్రలిస్తాను. తర్వాత చాలామందికి సర్దుకుంటుంది.

"ఇంకో సంగతి," అంది డాక్టరు. "ప్రతిరోజూ కరెంటు పెట్టే ముందు అర లీటరు నీళ్ళు తాగి, ముప్పావుగంట ఆపుకోవాలి. మూత్రాశయం నిండుగా ఉంటే పక్క భాగాలకి దెబ్బ తగలదు. మీకు కష్టమే. మెల్లిగా అలవాటు చేస్తాం."

తండ్రి తలెత్తాడు.

"నీళ్ళు తాగి ఆపుకోవడమేనా అమ్మా? వైద్యం అదేనా?"

"వైద్యంలో మీ వంతు అదీ."

"ముప్పై మూడేళ్ళు జీతం తీసుకుని చేసిన పని," అని ఆయన నవ్వాడు. నెల రోజుల్లో ఆమె ఆయన నవ్వు చూడటం అదే మొదలు. పళ్ళన్నీ కనిపించేలా, భుజాలు కదిలేలా. డాక్టరు కూడా నవ్వింది.

అంతలోనే ఆయన కూతురి వైపు తిరిగి "బయట టీ దొరుకుతుందేమో చూడమ్మా," అన్నాడు.

ఆయన మధ్యాహ్నం పూట టీ తాగడు. ఆమె లేచి బయటికొచ్చి తలుపు చేరవేసింది. టీ కౌంటరు దగ్గర రెండు కప్పులు తీసుకుని నిలబడింది. ఏమడుగుతున్నాడో. తను వినకూడనిది. ఆ కాలెండరు సంగతేమో. లేక ఏ వైద్యమూ చేయించుకోకపోతే ఎన్నాళ్ళుంటానని అడుగుతున్నాడా? పెద్దవాళ్ళు కొందరు అలా తేల్చేసుకుంటారని విన్నది. కూతురికి శ్రమెందుకని, అల్లుడికి ఇబ్బందెందుకని. ఈయన అందుకు తగిన మనిషే.

తిరిగి వెళ్ళేసరికి ఆయన చొక్కా జేబులో ఏదో కాగితం మడిచి పెట్టుకుంటున్నాడు. డాక్టరు పెదాలు బిగబట్టి కంప్యూటరు వైపు చూస్తోంది.

ఆసుపత్రి ఆవరణలో సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. చల్లారిన టీ ఇద్దరూ తాగారు.

"నువ్వే చెప్పు," అన్నాడు తండ్రి. "నీకేది మంచిదనిపిస్తే అది."

ఆమె మనసులో ఉన్నది ఆపరేషనే. కోసి బయట పారేస్తే, ఇక అది ఆయన ఒంట్లో లేదని నిశ్చింతగా పడుకోవచ్చు. నోటిదాకా వచ్చింది ఆ మాట. కానీ పడుకోవడం తనది, ప్యాడ్లు కట్టుకోవడం ఆయనది. ముందు గదిలో కళ్ళ పరీక్ష చేసేవాడు ఇరవై రెండేళ్ళుగా రోజూ అడిగే ప్రశ్న ఆమె తెర వెనక నుంచి వింటూనే ఉంటుంది. ఇది బాగా కనిపిస్తోందా, ఇదా? అడిగి ఊరుకుంటాడు. పెట్టుకునేవాళ్ళే చెప్పాలి.

"ఆపరేషనైతే ఒక్కసారే," అంది నెమ్మదిగా. "నాలుగు రోజులు ఇక్కడ, నెలన్నర ఇంట్లో. ప్యాడ్లు ఎన్నాళ్ళో తెలీదు. గుండెతో కొంచెం భయం. కరెంటైతే ఇరవైసార్లు రావాలి. ఇంజక్షన్లు. మంట ఉంటుంది. రెండిట్లో దేనితోనైనా నయం కావడానికి అవకాశం ఇంచుమించు ఒకటే అంటున్నారు. ఏది నీకు వీలు?"

ఆయన ఆలోచించాడు. ఎదురుగా ఒక అంబులెన్సు వచ్చి, మనిషిని దింపి, వెళ్ళిపోయింది. తోటమాలి గొట్టం ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మార్చాడు. అమ్మయితే ఈపాటికి గిన్నెలన్నీ తోముకుని వచ్చేది.

"బస్సులో తడిసిన పంట్లాంతో కూర్చోలేను తల్లీ," అన్నాడు చివరికి. "మిగతావన్నీ ఓర్చుకుంటా. అన్ని స్టాపుల్లోనూ ఆగే బండే నాకు అలవాటు. ఇరవైసార్లు వస్తా."

"సరే."

"నువ్వు మాత్రం రాకు. నేనొక్కణ్ణే వస్తా."

"మొదటి వారం వస్తా."

"మొదటి రోజు."

"మొదటి రోజూ, చివరి రోజూ. ఇక బేరం లేదు."

ఆయన తలూపాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళి ఆ మాట చెప్పి, తేదీ రాయించుకుని బస్సెక్కారు. ఈసారి కూడా కిటికీ పక్కన సీటు దొరికింది. రెండు స్టాపులు దాటాక ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"లోపల ఏమడిగానో అడగవేం?"

"చెప్పాలనుకుంటే నువ్వే చెబుతావు."

"ఇది రక్తంలో వస్తుందంటారు కదా. మా నాన్నకీ ఇలాగే ఉండేది, అప్పట్లో పేరు తెలీదు. అందుకని అడిగా, మా అమ్మాయికి కూడా ఈ ప్రోస్టేట్ జబ్బు వస్తుందా అని."

ఆమె ఆయన ముఖం చూసింది. హాస్యమాడటం లేదు.

"ఆవిడేమంది?"

"ఆడవాళ్ళకి ఆ గ్రంథే ఉండదట," అన్నాడు కొంచెం చిన్నబోయి. "నాకెవరు చెప్పారు?"

ఆమెకి మొదట నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది. ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది. నవ్వీ నవ్వీ కళ్ళ వెంట నీళ్ళు కారాక, అవి నవ్వువో కావో ఆమెకే తెలియలేదు.

"అంత నవ్వడానికేముంది?" అన్నాడాయన. జేబులోంచి మడిచిన కాగితం తీసి, బయటికే చూస్తూ ఆమె ఒళ్ళో పెట్టాడు. "అయినా ఇంట్లో ఇలా ఉంటే ఆడపిల్లలు ఇంకేదో పరీక్ష చేయించుకోవడం మంచిదంది. ఇందులో రాసింది. నేను చదవలేదు."

ఇరవైసార్లూ వెళ్ళాడు. ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు, ఒక్కరోజు కూడా ఆపుకోలేకపోయింది లేదు. అక్కడ మిషను నడిపే అమ్మాయిలు ఆయన వంతు కోసం ఎదురుచూసేవాళ్ళు. మంటలు వచ్చాయి, మాత్రలు మింగాడు. ఇంజక్షన్ల రోజుల్లో ఒకసారి ఆమె వెళ్ళేసరికి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, చొక్కా గుండీలు విప్పి దాని ముందు నిలబడి ఉన్నాడు.

"మీ అమ్మ ఒక వయసులో ఇలాగే నిలబడేది," అన్నాడు. "తలుపు వెయ్యి, తలుపు వెయ్యి అని నేను సతాయించేవాణ్ణి." చల్లగాలిలో కాసేపు అలాగే ఉండి, "పాపం," అన్నాడు.

ఆమె తన పరీక్ష చేయించుకుంది, ఏమీ లేదు. ఆయన ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష కాగితం పట్టుకుని దుకాణానికి వచ్చేవాడు. అంకె చూసి ఆమె తలూపితే వెళ్ళిపోయేవాడు. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. ఆ జబ్బు మళ్ళీ ఆయన జోలికి రాలేదు.

ఎనభయ్యో ఏట ఒక గురువారం పొద్దున దుకాణానికి వచ్చి, చదువుకునే కళ్ళజోడు ఇచ్చాడు. మర ఊడిపోయి చెయ్యి వేలాడుతోంది. "తొందరేం లేదమ్మా, సాయంత్రం వస్తా," అని, కాసేపు బయట నిలబడి బస్సుల్ని చూసి వెళ్ళాడు. మధ్యాహ్నం తిన్న తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, పేపరు ఒళ్ళో పెట్టుకుని, గుండె ఆగి పోయాడు. పక్కింటివాళ్ళు చూసేసరికి గంట అయ్యుంటుందన్నారు. భర్త ఫోను చేసినప్పుడు ఆమె రాయి దగ్గరే ఉంది. రాయి ఆపకుండానే లేచి వెళ్ళింది. తర్వాత యజమాని వచ్చి ఆపాడు.

పదకొండు రోజుల తర్వాత ఆమె పనిలోకి వచ్చింది. కిటికీ పక్కన, సిద్ధమైన జోళ్ళు పెట్టే ట్రేలో, తన చేత్తోనే 'నాన్న, సాయంత్రం' అని రాసిన చీటీ మీద ఆ కళ్ళజోడు చేతులు ముడుచుకుని ఉంది; మర బిగించింది గానీ, ఎడమ అద్దం మీద ఆయన బొటనవేలి ముద్ర ఇంకా తుడవలేదు.