అయిదో తీగ

హారతి చేతులు చిన్నవి. గాజుల కొట్టుకి వెళితే చిన్నపిల్లల గాజులే ఆమెకి సరిపోయేవి. అలాంటి చేతులతో బేస్ గిటార్ వాయిస్తానంటే, పాలకొల్లులో ఫ్యాన్సీ షాపు నడిపే నాన్న ససేమిరా అన్నాడు. ఆయన్ని ఒప్పించి రాజమండ్రి ఆర్కెస్ట్రాలో ఆమెకి చోటిప్పించింది గాయకుడు వెంకటరత్నం గారు. "చెయ్యి చిన్నదైతే ఏంటండి, పిల్ల చెవి గట్టిది" అన్నారాయన. అది నాలుగేళ్ళ కిందటి మాట.

కిందటేడు ఆయనకి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. మూణ్ణెల్ల తరవాత మళ్ళీ స్టేజీ ఎక్కితే, పల్లవి బాగానే పలికింది గానీ చరణంలో గొంతు పైకి లేవలేదు. ఆర్కెస్ట్రా నడిపే గున్నేశ్వరరావు ఆ రోజే అందర్నీ పక్కకి పిలిచాడు.

"పాటల శ్రుతి దించేద్దాం. కొంచెం కొంచెంగా. ఆయనకి మాత్రం తెలియనివ్వకండి. తెలిస్తే మానేస్తారు. పెళ్ళివాళ్ళు మనల్ని పిలిచేదే ఆయన పేరు చూసి."

కీబోర్డు వాయించే శాంతికుమార్‌కి అదెంత పని? బటన్ నొక్కితే పాట మొత్తం దిగిపోతుంది. వెంకటరత్నం గారు సంగీతం చదువుకున్న మనిషి కాదు. కీబోర్డు ఏ శ్రుతి ఇస్తే అందులో గొంతు కలపడమే ఆయనకి తెలిసిన విద్య. నెలకి కాస్త చొప్పున పాటలు దిగుతూ వచ్చాయి. తన గొంతు తిరిగి వస్తోందని ఆయన పొంగిపోయారు. ఆపరేషన్ చేసిన డాక్టరుకి స్వీట్లు కూడా పంపారు. ఆ సంగతి ఆయన నవ్వుతూ చెబుతుంటే హారతి మొహం తిప్పుకుంది.

కీబోర్డుకున్న సుఖం ఆమె గిటార్‌కి లేదు. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అంత కింది స్వరాలు ఉండవు. గున్నేశ్వరరావు ఎక్కడినుంచో పాత ఆరు తీగల గిటార్ తెచ్చి ఆమె మెడకి తగిలించాడు. దాని మెడ ఆమె అరచేతికన్నా వెడల్పు. ఆ కింది స్వరాలిచ్చే లావు తీగ అందుకోవాలంటే మణికట్టు పూర్తిగా వంచాలి. రెండు నెలలు తిరిగేసరికి అన్నం కలుపుకోవడానికి కుడిచెయ్యి బాగానే ఉన్నా, ఎడమచేత్తో మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేకపోయింది.

వెంకటరత్నం గారు అది చూశారు.

"ఆ దుంగ ఎందుకమ్మా నీకు? గున్నేశ్వరరావుకి డాబు ఎక్కువ. పద, నీ చేతికి సరిపడేది నేను కొనిపిస్తాను" అని శుక్రవారం పొద్దున్నే బయల్దేరదీశారు. వద్దనడానికి ఆమెకి కారణం దొరకలేదు.

రాజమండ్రిలో సంగీత వాయిద్యాల షాపు యజమాని జగన్నాథరావు నిదానస్థుడు. ముందు ఆమె చెయ్యి చాపించి చూశాడు. తరవాత పొట్టి మెడ ఉన్న నాలుగు తీగల గిటార్ తీసి ఇచ్చాడు.

"చిన్న చేతులకి ఇది హాయి అండి. మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, బరువూ తక్కువ."

నిజంగానే హాయిగా ఉంది. బొటనవేలు మెడ వెనక కుదురుగా నిలిచింది. ఎన్నాళ్ళకో నొప్పి తెలియలేదు.

"ఇదే ఖాయం చెయ్యండి" అన్నారు వెంకటరత్నం గారు.

"అయిదు తీగలది చూపిస్తారా అండి?" అంది హారతి చిన్నగా.

జగన్నాథరావు అయిష్టంగానే తెచ్చాడు. "ఇందులోనూ పొట్టి మెడ ఉందండి, తీగలు దగ్గరగానే బిగించారు. కానీ మెడ పొట్టిదైతే లావుపాటి ఆ అయిదో తీగ వదులుగా కొట్టుకుంటుంది. పొడుగు మెడ అయితే బాగా మోగుతుంది గానీ మీ చెయ్యి అందదు. అసలు అయిదోది ఎందుకండి మీకు? ఏం పాటలు వాయిస్తారు?"

ఆమె ఆ అయిదు తీగల దాని మీద, ప్రతి ప్రోగ్రాంలో మొదట పాడే వినాయకుడి పాట ఎత్తుకుంది. వేళ్ళు అలవాటు ప్రకారం దించిన శ్రుతిలోకే వెళ్ళాయి. వెంకటరత్నం గారు కూనిరాగం కలిపారు. గొంతు ఎక్కడా తడబడలేదు.

"బాగుంది కదా! అదే పాట ఇటు నాలుగు తీగల దాని మీద వాయించు" అన్నారాయన ఉత్సాహంగా.

గిటార్ మార్చుకుని రెండో వరసకి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ స్వరం అక్కడ లేదు.

"ఏమైంది?"

"అందదండి."

"అందకపోవడమేంటమ్మా? మూడేళ్ళు ఈ పాట నాలుగు తీగల మీదే వాయించావు కదా?"

జగన్నాథరావు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. హారతి పెదవి కొరుక్కుంది. అబద్ధం చెబితే చెల్లేదే. కానీ ఆయన అప్పటికే గొంతు మీది కోత గీతని వేళ్ళతో తడుముకుంటున్నారు.

"ఎన్నాళ్ళనించి?" అని అడిగారు.

"మీరు తిరిగొచ్చిన దగ్గర్నించి, మాస్టారూ."

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

హారతి అయిదు తీగల పొట్టి మెడ గిటార్ తీసుకుంది. ఆయన ఇక రాకపోతే అది దండగ అని తెలిసీ తీసుకుంది.

రెండు వారాలు ఆయన రిహార్సల్‌కి రాలేదు, ఫోన్ ఎత్తలేదు. గున్నేశ్వరరావు ఆమె మీద మండిపడ్డాడు. "నోరు మూసుకుని నాలుగు తీగలది తెచ్చుకోలేకపోయావా?" ఇంకో ఏడాది ఆ నాటకం ఆడి ఉండాల్సిందా అని ఆమె రోజూ అనుకుంది.

చివరికి ఆయన ఇంటికే వెళ్ళింది. ఆయన అరుగు మీదకి కుర్చీ తెచ్చి వేశారు.

"గొంతు పోతే పోయిందమ్మా, అరవై ఏళ్ళు దాటాయి. నేను లేచి నిలబడ్డాననుకుని ఊరందరికీ చెప్పుకున్నానే! మీరంతా వింటూ కూర్చున్నారు. అదీ నాకు మింగుడు పడంది."

"తప్పయిపోయింది మాస్టారూ."

"తునిలో పెళ్ళి ఉందన్నారు కదా. వస్తాను. శ్రుతి ఎంతో నేను చెబుతాను, ఆ బటన్ నా ముందర నొక్కమను."

తునిలో పెళ్ళిరోజు మధ్యాహ్నం ఆయన మైకు పట్టుకుని, "ఆపరేషన్ తరవాత నా గొంతు దిగిందండి, దాంతోపాటే పాటనీ దించుకున్నాం" అని పెళ్ళివారికి చెప్పి రెండు పాటలు పాడారు. అయిదో తీగ కాస్త వదులుగానే మోగింది. హారతి దాన్ని గట్టిగా అదిమి, ఆయన గొంతు కింద ఆసరాగా నిలిపింది. మిగతా పాటలు కొత్త గాయని పూజితకి అప్పజెప్పి ఆయన స్టేజీ దిగిపోయారు.

వ్యాన్ ఎక్కేటప్పుడు హారతి పక్కన ఆయనెప్పుడూ కూర్చునే సీటు ఖాళీగానే ఉంది. ఆయన ముందుకి వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చున్నారు.