కునుకుకి కాపలా

వరద వచ్చి వెళ్ళాక ఆ వీధిలో ఎవరికీ సరిగా నిద్రపట్టేది కాదు. బురద ఎత్తిపోసి, గోడలకు రంగులు వేయించుకున్నారు గానీ, కన్ను మూతపడితే చాలు, మంచం కింద నీళ్ళు కదులుతున్నట్టే ఉండేది. అది చూసి వీధి చివరి నర్సమ్మ ఒక ఏర్పాటు చేసింది. మధ్యాహ్నం పూట ఆమె మేడమీది గదికి ఎవరైనా వచ్చి పడుకోవచ్చు. ఒకరిద్దరు మేలుకుని కాపలా కాస్తారు. అంతే, మందూ మాకూ ఏమీ లేవు.

బట్టలు కుట్టే బొత్తాలక్కను కూడా పిలిచింది. ఆమె కుట్టిన బొత్తాం చొక్కా చిరిగినా ఊడదని వీధివాళ్ళు పెట్టిన పేరు అది.

"నాకు నిద్రెక్కడిదమ్మా, పని బోలెడుంటే," అంది బొత్తాలక్క.

"నిన్ను పడుకోమన్నానా? కాపలాకి మనిషి తక్కువైంది. ఆ కుట్టేదేదో అక్కడే కూర్చుని కుట్టుకో."

కాపలా అనేసరికి కాదనలేకపోయింది.

ఆ గదిలో తెల్లని కర్టెన్లు గాలికి ఉబ్బి, మెల్లగా ఒదిగిపోయేవి. గోడల మీద వెలుగు ఊగుతుంటే గది గదంతా ఎటో సాగిపోతున్నట్టుండేది. బస్సు డ్రైవరు చాప మీద వాలగానే గురక తీసేవాడు. లెక్కల మాస్టారు నిద్రలోనే ఎవరికో సర్దిచెబుతూ గొణిగేవాడు. ఎవరైనా ఉలిక్కిపడి లేస్తే, "ఏం లేదు, నేనున్నాను. నేల పొడిగానే ఉంది," అనేది బొత్తాలక్క. వాళ్ళు అరచేత్తో నేల తడిమి చూసుకుని మళ్ళీ కళ్ళు మూసుకునేవారు.

ఒకరోజు డ్రైవరు లేచి కూర్చుని అడిగాడు. "మరి మీరెప్పుడు పడుకుంటారక్కా?"

ఆమె చేతిలో సూది ఆగింది.

"పడుకుంటే మా అక్క లేపుతుంది. వరద వచ్చినప్పుడు నన్ను లేపింది తనే. లేవవే, నీళ్ళొచ్చేశాయంది. నన్ను మేడెక్కించి, పక్కింటి పెద్దాయన కోసం కిందికి దిగింది. ఇక రాలేదు. ఇప్పుడు కన్ను మూస్తే లేవవే అంటుంది. లేచి చూస్తే తనుండదు."

డ్రైవరు తన చాప దులిపి ఆమె పక్కన పరిచాడు.

"ఇవాళ నేను కూర్చుంటా. పడుకోండి."

"మీ అక్క వస్తే మేం మాట్లాడతాంలే," అన్నాడు మాస్టారు, పరాచికమేమీ లేకుండా.

నర్సమ్మ తల నిమురుతుంటే బొత్తాలక్క ఒరిగింది.

అక్క వచ్చింది. కర్టెన్ల వెలుగంత పల్చటి నీళ్ళలో, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పడుకున్నవాళ్ళెవరికీ కాలు తగలకుండా నడిచి వచ్చింది.

"మా చెల్లి పడుకుందా?" అని డ్రైవరును అడిగింది.

"ఇప్పుడే పడుకుందమ్మా."

"అయితే లేపకండి," అని, కాసేపు చెల్లెలి మొహంలోకి చూసి, కిటికీ వైపు వెళ్ళిపోయింది.

మెలకువ వచ్చేసరికి గదిలో మసక చీకటి. నిద్ర చెడుతుందని లైటు కూడా వేయలేదు. అందరూ ఆమె చుట్టూ ఉన్నచోటనే కూర్చున్నారు. డ్రైవరు యూనిఫారంలో గోడకు ఆనుకుని ఉన్నాడు. తన సాయంత్రం బస్సు వేరే అతనికి అప్పగించాడట.

"అక్క వచ్చింది," అంది బొత్తాలక్క. "లేపలేదు."

అప్పుడు ఏడ్చింది. చాలాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఆకలేస్తోంది," అంది.

నర్సమ్మ వంటగదిలోకి నడిచింది.

"నాక్కూడా," అన్నాడు డ్రైవరు.