నలుగురు బాజిల్‌లను ఒక్కణ్ని చేసిన ఫోను

కొత్త ఫోను ఏదైనా అడిగితే వెంటనే 'సరే' అని నొక్కకండి. అది చాలా మర్యాదగా అడుగుతుంది, అందుకే మోసపోతాం. మా అమ్మాయి నొయెల్లా అలా ఒకసారి నొక్కింది. ఆ ఒక్క నొక్కుడుకి మా రేవులో ఏం జరిగిందో తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతుంది.

నా పాత ఫోను మడత పెట్టేది. బొత్తాలు నొక్కితే టకటకమనేది. పిండి చేతుల్తో పట్టుకున్నా, తడి చేతుల్తో పట్టుకున్నా పలికేది. దానికి సిగ్నలు ఇక రాదని కంపెనీ వాళ్లు కబురు పెట్టారు. అందుకని నొయెల్లా హాలిఫాక్స్ పట్నం నుంచి అద్దంలాంటి ఈ కొత్త ఫోను పట్టుకొచ్చింది.

"పొడవకమ్మా, తాకు. ఊరికే తాకితే చాలు" అంటుంది.

"తాకితే పలకడం లేదే!"

"గోరుతో కాదు, వేలి కొసతో. అయ్యో, అంతసేపు ఆనించి ఉంచకు, అన్నీ వణుకుతున్నాయి చూడు!"

వణుకుతున్నది ఫోనులో బొమ్మలే కాదు, నేను కూడా. దాన్ని తెరవాలంటే నా ముఖం చూపించాలట. అద్దాలు తీస్తే నన్ను గుర్తుపట్టదు. చలికి మఫ్లరు చుట్టుకుంటే గుర్తుపట్టదు. రేపు నేను మెట్ల మీద పడి మూతి వాచిపోతే, సాయానికి ఎవరినీ పిలవడానికి ఉండదన్నమాట. ఆ మాటే అడిగాను.

"నీకెప్పుడూ అవే ఆలోచనలు" అని నవ్వింది.

ఆ సాయంత్రం టీవీ చూస్తూ, నా పాత ఫోనులోని పేర్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించింది.

"ఇవేం పేర్లమ్మా? 'ఆల్ఫీ బాజిల్', 'ట్రక్కు బాజిల్', 'చర్చి బాజిల్', 'మా వాడు'. మొదటి పేరు, ఇంటిపేరు పెట్టి పద్ధతిగా రాస్తానుండు."

మా రేవులో సగంమంది ఇంటిపేరు సురెట్. మనవడికి తాత పేరు పెట్టడం మా వాళ్ల అలవాటు. అందుకే ఇక్కడ ఎవరినీ ఇంటిపేరుతో పిలవరు, తండ్రి పేరో, చేసే పనో ముందు పెట్టి పిలుస్తారు. మా ఆయన డెనిస్. కాబట్టి మా అబ్బాయి అందరికీ డెనిస్ బాజిల్. ఎదురింటి ముసలాయన ఆల్ఫీ బాజిల్. వాళ్ల నాన్న ఆల్ఫీ పోయి నలభై ఏళ్లు దాటినా ఆ పేరు పోలేదు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన నొయెల్లాకి ఇది తెలియదా? తెలుసు. కానీ పట్నంలో ఆఫీసులో కూర్చుని కూర్చుని పద్ధతులు నేర్చుకుంది కదా!

తమ్ముడి పేరు పక్కన నవ్వుతున్న ఫోటో ఒకటి పెట్టి, ఫోను నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

తర్వాత కొన్నాళ్లకి మా వాడి ఫోటోతో ఒక మెసేజ్ వచ్చింది. 'మీ పిల్లి మా షెడ్డులో దూరింది. ఓవర్.'

నాకు మనసు చివుక్కుమంది. 'మీ పిల్లి' ఏమిటి? దాన్ని పిల్లగా ఉన్నప్పుడు చొక్కాలో పెట్టుకుని తెచ్చిందే వాడు. వేరు కాపురం పెట్టగానే పిల్లి కూడా పరాయిదైపోయిందా? డెనిస్‌తో చెబితే, "హాస్యానికి రాసుంటాడులే" అన్నాడు. నేను జవాబివ్వలేదు. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు కూడా.

నవంబరు ఆఖరులో లాబ్‌స్టర్ రొయ్యల సీజను మొదలైంది. మొదటి రోజున పడవలన్నీ వాటిని పట్టే బోనులు సముద్రంలో వెయ్యడానికి ఒక్కసారే బయలుదేరుతాయి. పడవ మీద బోనులు ఇల్లంత ఎత్తున పేర్చి ఉంటాయి. ఏడాది మొత్తంలో పడవ అంత బరువుగా ఉండేది ఆ ఒక్క రోజే. ఆ రోజు వెళ్లి తిరిగిరాని వాళ్ల పేర్లు మా చర్చి గోడ మీద చెక్కి ఉన్నాయి. ప్రతి ఆదివారం నేను కూర్చునే బల్ల సరిగ్గా ఆ గోడ పక్కనే.

డెనిస్‌కి నడుము పట్టేయడంతో, ఈసారి మొదటిసారిగా మా వాడే కెప్టెనుగా వెళ్లాడు. పడవ పేరు 'లొరెట్'. అది నా పేరే. డెనిస్ ముచ్చటపడి పెట్టాడు. నాకు మాత్రం ఎప్పుడూ భయమే, నా పేరు నీళ్లలో తేలుతోందని.

గాలివాన వల్ల బయలుదేరడం వాయిదా పడింది. రాత్రంతా కురిసిన వాన తెరిపిచ్చాక తెల్లవారుజామున పడవలు కదిలాయి. ఫాదరు గారు దీవించారు. నేను ఒడ్డున నిలబడి మా పడవ దీపం కనపడినంతసేపూ చూశాను. ఇంటికొచ్చి, సాయంత్రం వాడు తింటాడని రాప్యూర్ అనే మా ఊరి వంటకం చెయ్యడానికి బంగాళాదుంపలు తురమడం మొదలుపెట్టాను. వంటింటి కిటికీలో పడవల వాళ్ల మాటలు వినడానికి ఒక రేడియో ఉంది. అందులో మనం వినడమే తప్ప మాట్లాడలేం. గుర్రుగుర్రుమంటూ మోగుతూనే ఉంది.

ఇంకా మధ్యాహ్నం కాలేదు, ఫోను గుయ్‌మంది. చూస్తే మా వాడి నవ్వు ముఖం. దాని కింద ఇలా ఉంది.

'పంపు ఆగిపోయింది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ఎవరైనా రండి. ఓవర్.'

నా చేతిలోని తురుము పీట కింద పడింది. ఫోను అందుకున్నాను. వేళ్ల నిండా బంగాళాదుంప జిగురు. తాకితే పలకదు. పొడిస్తే పలకదు. ఆప్రానుకు తుడుచుకుని మళ్లీ తాకితే ఎక్కడెక్కడివో తెరుచుకున్నాయి. వాతావరణం చూపించింది, టార్చి వెలిగింది. నా బిడ్డ మునిగిపోతుంటే నాకు టార్చి వెలిగించి చూపిస్తుందా ఇది! చివరికి ఎలాగో కాల్ వెళ్లింది. మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

"డెనిస్! పడవ మునిగిపోతోంది!"

డెనిస్ నడుము పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మెసేజ్ చూడగానే ముఖం పాలిపోయింది. "రేడియోలో ఏమీ రాలేదే?"

"మోకాళ్ల దాకా నీళ్లుంటే రేడియో పనిచేస్తుందా? నిలబడి నన్ను ప్రశ్నలు అడుగుతావేం! కోస్ట్ గార్డుకి చెయ్యి!"

గోడ ఫోనుతో చేశాడు. పాపం, అది ఒక్కసారికే పలికింది. ఆ వెంటనే రేడియోలో కోస్ట్ గార్డు గొంతు వినిపించింది. 'లొరెట్' అనే పడవలో పంపు ఆగి నీళ్లు చేరుతున్నాయి, దగ్గరున్న వాళ్లు సాయానికి వెళ్లండి అని. ఒకరి తర్వాత ఒకరు పలికారు. "నేను తిరుగుతున్నా." "నేనూ వస్తున్నా." అందరూ బోనులు వెయ్యడం ఆపి, బరువుతో ఉన్న పడవల్ని ఆ అలల్లో వెనక్కి తిప్పుతున్నారు. మా వాడి గొంతు మాత్రం లేదు. నేను రేడియోను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. గోడ మీద పేర్లలో ఆఖరు పేరు కింద ఇంకా ఎంత ఖాళీ ఉందో నాకు తెలుసు. నా కళ్లకు అదే కనపడుతోంది.

అప్పుడు వినిపించింది.

"లొరెట్ మాట్లాడుతోంది. బోనులు వేస్తున్నాం, ఇంజను మోతలో వినపడలేదు. ఏమైంది? అందరూ నా మీదకి వస్తున్నారేంటి?"

"నీ పడవలో నీళ్లు చేరుతున్నాయి కదరా!"

"నా పడవ పొడిగా ఉంది! ఎవడు చెప్పాడు?"

కాసేపు గుర్రుమన్న చప్పుడు. తర్వాత ఎవడో అన్నాడు, "లొరెట్ మునిగిపోతోందని లొరెట్టే చెప్పిందట."

రేడియో నిండా నవ్వులు. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. ఏడుపు ఆగగానే కోపం వచ్చింది. "నీళ్లు వచ్చాయని వీడే రాసి, ఇప్పుడు లేదంటాడా? తల్లితో ఆటలా?"

డెనిస్ అద్దాలు పెట్టుకుని ఫోను దగ్గరగా పట్టుకున్నాడు. "లొరెట్, మనవాడు 'ఓవర్' అని ఎప్పుడు రాశాడు?"

"పడవలో ఉన్నాడు కదా!"

"వాడు సరే అనడానికి కూడా బొటనవేలి బొమ్మ పెడతాడు. ఇంత పొడుగ్గా ఎప్పుడైనా రాశాడా? ఇదిగో, పైన పిల్లి మెసేజ్. మీ పిల్లి, మా షెడ్డు, ఓవర్. యాభై ఏళ్లు పడవ రేడియోలో మాట్లాడినవాడు రాసే రాత ఇది." తలెత్తి కిటికీలోంచి ఎదురింటి వైపు చూశాడు. "ఆల్ఫీ బాజిల్."

అప్పుడు నాకు ఇంకో భయం పట్టుకుంది. మా వాడి పడవ పొడిగా ఉంది, సరే. మరి మోకాళ్ల దాకా నీళ్లలో ఉన్నది ఎవరు? రాత్రంతా వాన. ముసలాయన ఇంటి కింద నేలమాళిగ. అందులోకి చేరే నీళ్లు తోడే పంపు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు.

ఆప్రానుతోనే రోడ్డు దాటాను. తలుపు తోస్తే తెరుచుకుంది. "బాజిల్ బాబాయ్!" అని అరిచాను. కింద నుంచి చిన్నగా ఏదో వినిపించింది.

"కింద లైటు వెలుగుతోంది. మెట్లు దిగకు, నీళ్లలో కాలు పెట్టకు!" అని డెనిస్ వెనక నుంచి అరిచాడు. వంటింటి గోడకున్న మెయిన్ స్విచ్ కట్టేశాక, "ఇప్పుడు దిగు" అన్నాడు. నేను ఫోను టార్చి వెలిగించాను. ఇప్పుడు అవసరమైంది చూడండి, ఇప్పుడు వెంటనే వెలగదు! మూడుసార్లు పొడిచాక వెలిగింది.

పెద్ద ఫ్రీజరు నీళ్లలో తేలి, మెట్లకు అడ్డంగా ఇరుక్కుపోయింది. దాని అవతల ముసలాయన ఒక పీపా మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. నడుము బాగాలేని డెనిస్ పైనుంచి సలహాలు చెబుతుంటే, నేను మోకాళ్ల పైదాకా మంచులాంటి నీళ్లలో దిగి ఫ్రీజరును భుజంతో నెట్టాను. అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందంటే, నొయెల్లా మీద కోపం నుంచి వచ్చింది.

పైకి తెచ్చి దుప్పట్లు చుట్టి పొయ్యి ముందు కూర్చోబెట్టాను. పళ్లు టకటక కొట్టుకుంటున్నా ముసలాయనకి ఆవేశం తగ్గలేదు.

"ఓవర్ అన్నాను కదా! ఓవర్ అంటే అవతలివాళ్లు మాట్లాడాలి. ఒక్కరూ పలకరేం?"

"నేను కాల్ చేశాను బాబాయ్."

"అది మోగేసరికి ఉలిక్కిపడి నీళ్లలో పడేశాను! పిల్లి గురించి రాసినా పలకలేదు నువ్వు. పొరుగువాళ్లంటే ఇలాగేనా ఉండేది?"

నేను ఇంకో దుప్పటి తెచ్చి కప్పాను.

ఆయనకు ఒంట్లో వేడి పుట్టిందని నర్సమ్మ వచ్చి చూసి చెప్పాక, ఇంటికొచ్చి గోడ ఫోనుతో నొయెల్లాకు చేశాను.

"నలుగురు బాజిల్‌లను ఏం చేశావే?"

"అరవకమ్మా. ఒకే పేరు నాలుగుసార్లు ఉంది, కలిపెయ్యనా అని ఫోను అడిగింది. తప్పుగా మళ్లీ మళ్లీ ఎక్కాయేమో అనుకుని సరే అన్నాను."

"నలుగురు బాజిల్‌లుంటే తప్పు అనుకున్నావా? నువ్వు ఏ ఊళ్లో పుట్టావే?"

"పొరపాటైంది. కానీ కోస్ట్ గార్డుకి చేసేముందు నంబరు చూసుకోవాలి కదా."

"కొడుకు మునిగిపోతుంటే నంబర్లు చదువుతూ కూర్చోనా?"

"నీకు రోజూ ఎవరో ఒకరు మునిగిపోతూనే ఉంటారు కదమ్మా!"

"ఈ రోజు నిజంగానే మునిగారు కదే!"

నేను ఫోను పెట్టేశాను. గోడ ఫోనులో ఉన్న సుఖం అదే, పెట్టేస్తే పెట్టేసినట్టు చప్పుడవుతుంది.

చీకటి పడేవేళకి మా వాడు తలుపు ధడేల్మని తీసుకుని వచ్చాడు.

"అయిదు పడవలు, అమ్మా! అయిదు పడవలు నా కోసం బోనులు ఆపేశాయి! మొదటి రోజు, మొదటిసారి కెప్టెన్ని! రేడియోలో నన్ను ఏమంటున్నారో తెలుసా? పంపు బాజిల్! నా పంపు బంగారంలా ఉంది!"

"ప్రాణాలతో ఉన్నావు కదరా."

"ఎప్పుడూ ఉన్నాను! చచ్చేదాకా ఇదే పేరు నాకు. రేపు నా మనవణ్ని కూడా అలాగే పిలుస్తారు."

"తిన్నాక అరుద్దువుగాని" అని ప్లేటు పెట్టాను. అరుస్తూనే తిన్నాడు, రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు. వెళ్లేటప్పుడు, "ముసలాయన ఎలా ఉన్నాడు?" అని అడిగి, అటునుంచి అటే ఎదురింట్లోకి వెళ్లి పంపు విప్పాడు. ఆ పేరు వాడికి ఇంకా గట్టిగా అతుక్కుంటుందని నాకు అనిపించింది గానీ, చెప్పలేదు.

మర్నాడు ఎవరి సాయమూ లేకుండా పేర్లన్నీ విడదీశాను. ఆల్ఫీ బాజిల్. ట్రక్కు బాజిల్. చర్చి బాజిల్. మా అబ్బాయికి పంపు బాజిల్ అని పెట్టాను. ఈ రేవులో ఆ పేరు ఇంకొకరికి లేదు. వాడికి తెలిస్తే మళ్లీ అరుస్తాడు, అరవనీ.

ఇది రాస్తుండగా ఫోను మళ్లీ ఏదో అడుగుతోంది, మర్యాదగా. నేను చదవను కూడా చదవలేదు, 'వద్దు' అని గట్టిగా నొక్కాను. దాని పైనే ఎదురింటి నుంచి, పొయ్యి దగ్గర ఆరబెట్టుకున్న ఫోనుతో పంపిన కొత్త మెసేజ్ ఉంది. 'పంపు బాగా పనిచేస్తోంది. మీ పిల్లి మళ్లీ వచ్చింది. ఓవర్.'

చెయ్యి తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ వెంటనే జవాబు రాశాను. 'వింటున్నాను బాబాయ్. పిల్లిని పంపించు. ఓవర్.'