చివరి సీన్లో విగ్గు

తెనాలి చౌడయ్య నాటకంలో జనం పడీపడీ నవ్వేది ఒక్కచోటే. ప్రేమించిన పిల్ల కోసం ఓ కుర్రాడు చీర కట్టుకుని వంటమనిషిగా ఆ ఇంట్లో చేరతాడు. చివర్లో పిల్ల తండ్రి వాడి విగ్గు పట్టి లాగుతాడు. ఆ తండ్రి వేషం ముప్పయ్యేళ్లుగా చౌడయ్యదే. లాగుడు లేకపోతే నాటకమే లేదని ఆయన నమ్మకం. నమ్మకమేంటి, మొండిపట్టు.

వంటమనిషి వేషం టైలరు జాకీర్‌ది. 2004లో బాపట్లలో ఆడినప్పుడు, విగ్గు ఊడి హాలంతా ఈలలు మోగుతుంటే, అతను తెర వెనక కూర్చుని ఏడ్చాడు.

"అందరి ముందూ నా బట్టలూడదీసినట్టుంటుంది బాబాయ్. ఇకనుంచి లాగకుండా ముగించకూడదా అండి?"

"పిచ్చిమాటలు మాట్లాడకు. లాగకపోతే నవ్వేదెవరు?" అని చౌడయ్య కొట్టిపారేశాడు.

ఆ తర్వాత జాకీర్ తల మీంచి టోపీ దిగలేదు. కుట్టుమిషను దగ్గరా టోపీయే, రిహార్సల్స్‌లోనూ టోపీయే. కుర్రాడికి భక్తి కుదిరిందని ట్రూపంతా మెచ్చుకుంది. అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది చౌడయ్యే. ఆడవేషం వేసేవాళ్లు విగ్గు తామే తెచ్చుకుని, తలుపేసుకుని ముస్తాబవడం వాళ్ల రివాజు కనుక ఎవరూ తొంగిచూడలేదు.

2006లో, రేపల్లె పోటీల్లో మళ్లీ అదే నాటకం. హాలు కిటకిటలాడుతోంది. చివరి సీన్లో చౌడయ్య వంటమనిషి జడ దొరకబుచ్చుకుని అలవాటుగా ఒక్క గుంజు గుంజాడు. విగ్గు రాలేదు. తలే వచ్చింది, తలతో పాటు మనిషి వచ్చి ఆయన గుండెకు కొట్టుకుని "అమ్మా" అని మూలిగింది. జనం విరగబడి నవ్వారు. చౌడయ్య నవ్వలేదు. జుట్టు కుదుళ్లు వేళ్లకు తగిలాయి, సొంత జుట్టే. రెండేళ్లుగా టోపీ కింద పెంచింది ఇదన్నమాట.

"మీ అమ్మకి తెలుసా?" అన్నాడు గొంతు తగ్గించి.

"జడ అమ్మే అల్లింది బాబాయ్."

వాళ్లమ్మ రసూల్‌బీ అల్లిందా! ఇక్కడ తన డైలాగు "ఎవడ్రా నువ్వు?" అది అనేస్తే నాటకం గట్టెక్కుతుంది, ప్రైజు దక్కుతుంది. హాల్లో నవ్వు ఆగిపోయింది. ముందు వరుసలో జడ్జీలు పెన్నులు ఆపి చూస్తున్నారు. జడ ఇంకా ఆయన పిడికిట్లోనే ఉంది. నొప్పికి ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరగడం చూశాక బాపట్ల గుర్తొచ్చి ఆయనకు సిగ్గేసింది.

పిడికిలి వదిలాడు. కింద పడిన మల్లెదండ తీసి మళ్లీ జడలో తురమబోయాడు. రెండుసార్లు జారిపోయింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

"యాస్మిన్ అండి" అంది ఆమె, హాలు చివరి దాకా వినపడేలా.